ఎవరూ అడగని రెండు స్వరాలు

ఆమె పోయిన సంగతి నాకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. పీలేరు నుంచి ఒక కీబోర్డు వాద్యగాడు ఫోన్ చేసి, తన కీబోర్డులో శబ్దాలుండే పాత కార్డు మొరాయిస్తోందనీ, ఎవరికి చూపించాలో తోచడం లేదనీ అన్నాడు. ఎక్స్‌చేంజి అక్క దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఇరవై ఏళ్లుగా ఎవరడిగినా నేను చెప్పే మాట అదే.

"అన్నా, నీకు తెలీదా? అక్క పోయి పది దినాలయిండాది."

చిత్తూరు, తిరుపతి వాద్యగాళ్లందరికీ ఆమె ఎక్స్‌చేంజి అక్కే. అసలు పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా ఉన్నన్నాళ్లూ ఆమె ఎవరికీ పేరు చెప్పలేదట. అడిగినవాళ్లకు "చిత్తూరు" అని మాత్రం చెప్పేదట. ఆ అలవాటు తర్వాత కూడా పోలేదు. ట్రంకు కాల్స్ రోజులు ముగిశాక ఆమెను బిల్లుల ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున పది నుంచి అయిదు దాకా అక్కడ. మిగిలిన కాలమంతా సంతపేటలో, బెల్లం గోడౌను మీది రెండు గదుల ఇంట్లో, కీబోర్డుల ముందు.

ఆమె చేసే పనేమిటో చెప్పాలి. కీబోర్డులో వీణ మోగుతుంది, తబలా మోగుతుంది. అవి నిజమైన వీణ నుంచి, నిజమైన తబలా నుంచి ఒక్కొక్క స్వరంగా రికార్డు చేసి పెట్టుకున్న ముక్కలు. వాటిని సాంపిల్స్ అంటారు. నా కీబోర్డు వెనక చిన్న సందు ఉండేది. అందులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఫ్లాష్ కార్డు దూర్చాలి. కరెంటు పోయినా అందులో ఉన్నది చెరిగిపోదు. కానీ ఒక్క స్వరం కొత్తగా చేర్చాలన్నా ముందు ఉన్నదంతా తుడిచి, మళ్లీ మొదటినుంచి రాయాలి. పైగా దాంట్లో పట్టేది ఎనిమిది మెగాబైట్లు. ఇప్పటి ఫోన్‌లో తీసే రెండు మూడు ఫొటోలకు సరిపోతుందేమో. ఆ ఇరుకులో ఏది ఉంచాలి, ఏది తియ్యాలి, ఉంచినదాన్ని ఎంతవరకు కత్తిరించాలి అన్నదే ఆమె పని. మా జిల్లాలో అది తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి అవమానంతో వెళ్లాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. తిరుపతిలో ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. కాణిపాకంలో ఒక పెళ్లి రిసెప్షనులో, చెన్నైలో కొన్న కార్డు పెట్టి నాదస్వరం వినిపించాను. వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి, బస్సు వస్తాండాది, జరగండప్పా అన్నాడు. పందిరంతా నవ్వింది. మర్నాడే కీబోర్డు భుజాన వేసుకుని చిత్తూరు బస్సెక్కాను.

తలుపు తీసిన ఆమెకు యాభై ఏళ్లుంటాయి. నూలు చీర, ఒక చెవి మీద మాత్రమే ఆనించుకున్న హెడ్‌ఫోను. రెండో చెవి ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. "లైన్లో ఉండప్పా" అని లోపలికి వెళ్లిపోయింది. అరగంట తర్వాత గానీ ఆ మాటకు కూర్చోమని అర్థమని నాకు తెలియలేదు. గదిలో బల్లల కాళ్లన్నీ నీళ్లు పోసిన గిన్నెల్లో ఉన్నాయి. కింద బెల్లం కదా, చీమలు పైకొచ్చి కీబోర్డుల్లో దూరతాయని ఆ ఏర్పాటు. ఆ గిన్నెల్లో నీళ్లు మార్చడం ఎవరు వచ్చినా వాళ్లు చేయవలసిన పని. నేనూ చేశాను.

నా కార్డులోని నాదస్వరం ఒక్క మెట్టు నొక్కి విన్నది. రెండోది నొక్కలేదు. తన కంప్యూటర్లో అయిదు శబ్దాలు వినిపించి, ఏమిటివో చెప్పమంది. హార్మోనియం, వయొలిన్, మళ్లీ హార్మోనియం అంటూ చెప్పుకుపోయాను. అయిదూ తప్పే. అందులో ఒకటి నాదస్వరం, ఒకటి గుడి గంట. నేను నమ్మలేదు. అప్పుడు ఒక్కొక్కదానికి ముందు తను కత్తిరించి దాచిన ఆ చిటికెడు ముక్కను తిరిగి అతికించి వినిపించింది. గంట గంటయింది. నాదస్వరం నాదస్వరమయింది. ఆ ముక్క ఒక్కోటీ కనురెప్ప పాటు కూడా ఉండదు.

"ఫోన్ ఎత్తినోళ్లు హలో అనే ముందర ఒక ఊపిరి తీస్తారు. మనిషిని నేను ఆడనే పట్టుకుంటా" అన్నది. "నీ కార్డు చేసినోళ్లు ఆ ఊపిరి కోసేసి పారేసినారు. జాగా కలిసొస్తాదని."

ఆ రోజు ఆదివారం. పదింటికి వెళ్లినవాణ్ని నాలుగింటి దాకా ఆమె వెనక కూర్చున్నాను. స్వరం మొదలు ఉంచి, తోక కత్తిరించి, మధ్యలో ఒక చిన్న తునకను పదే పదే తిరిగేలా చేసి, మెట్టు నొక్కినంతసేపూ మోగించాలి. ఆ తిరిగే చోట అతుకు వినపడకూడదు. నాకు వినపడని అతుకులు ఆమెకు వినపడేవి. బాగుంది అన్న మాట ఆమె నోట నేను ఏనాడూ వినలేదు. పని పూర్తయితే "వినపడతాండాది" అనేది. ఇంక మనతో పని లేదనుకుంటే "కట్ చేస్తాండా" అని కుర్చీ తిప్పుకునేది. దానికి ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు.

నాదస్వరం మాత్రం తన దగ్గర సరైనది లేదంది. దానికోసం మనిషి కావాలంది. అలా మేమిద్దరం పుత్తూరు అవతలి పల్లెలో ఒక విద్వాంసుడి ఇంటికి వెళ్లాం. డెబ్బై దగ్గరపడిన మనిషి. నలభై ఏళ్లుగా ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో ఊదుతున్నవాడు. ఆయన స్వరాలు రికార్డు చేసుకుంటామని చెప్పాం.

"ఇదివరకు ముహూర్తాలకు మాకు తీరేది కాదు. ఇప్పుడు పెట్టె తెచ్చుకుంటాండారు. ఆ పెట్టెలో లేంది నా ఊపిరొక్కటే. అది కూడా ఇచ్చేయమంటావామ్మా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అక్క నన్ను ఆపి, ఆయన అన్నది నిజమేనంది. యంత్రమేదీ బయటికి తియ్యమనీ, ఊరికే వినిపోతామనీ, ఒక్క రాగం ఊదమనీ అడిగింది. ఆయన ముప్పావుగంట ఊదాడు. ఆమె కదలకుండా విన్నది. తిరుగు బస్సులో నాతో అన్నది: పైషడ్జం దగ్గర గాలి కొంచెం పక్కకు పోతోంది, ఆయనకు ఎడమవైపు ముందు పన్ను కదులుతోంది, ఇంకో ఏడాది ఊదగలడేమో. నేను నవ్వాను. ఊదుతున్నవాడి పన్ను చెవికి వినపడుతుందా అనుకున్నాను.

పది నెలల తర్వాత ఒక సెలవురోజున ఆయనే వెతుక్కుంటూ సంతపేట వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఎడమవైపు పన్ను ఊడిపోయింది. పక్కవి కూడా ఆగేటట్టు లేవు, అన్నీ తీసేయాలని వైద్యుడు చెప్పాడట. పళ్లు లేకపోతే నాదస్వరం పీక పెదవుల మధ్య నిలవదు.

"వచ్చే వారం పీకిస్తాండా. ఊదేదేదో ఈ పొద్దే ఊదతా. తీసుకో" అన్నాడు. తర్వాత ఒక్క మాట అడిగాడు. "తాళి కట్టేటప్పుడు మాత్రం నా ఊపిరి ఈ పెట్టెలోంచి రాగూడదు. ఆ పొద్దు మనిషే ఊదాల."

ఆమె సరేనంది. ఒక్కొక్క స్వరమే విడిగా ఊదమంటే ఆయనకు అయిదోదానికే విసుగొచ్చింది. సరిగమలు నేర్చుకునే పిల్లోణ్ని చేసినావే నన్ను అన్నాడు. అప్పుడామె పద్ధతి మార్చింది. ఆయనకు ఇష్టమైన రాగం కాసేపు ఊదమనేది. ఏదో ఒక చోట చెయ్యెత్తి ఆపి, ఇప్పుడు ఈ స్వరాన్ని మళ్లీ ఇలాగే ఇవ్వండి అనేది. ఆ రాగంలో దాని బరువు ఎంతో అంతే బరువుతో ఆయన ఊదేవాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దీపాలు పెట్టేవేళకు రెండు స్థాయిల్లోని స్వరాలన్నీ వచ్చాయి.

ఆ స్వరాలన్నీ ఒకే కార్డులో పట్టేవి గానీ ఇంక దాంట్లో వేరే వాద్యాలకు పెద్దగా చోటు మిగిలేది కాదు. మామూలుగా అందరూ మూడు స్వరాలకు ఒకటి రికార్డు చేసి, పక్కవాటికి దాన్నే సాగదీసి సర్దుకుంటారు. ఆమె ఒప్పుకోలేదు. అందుకని ఒక్కొక్క వాద్యగాడికి తన పాటల్లో ఏ స్వరాలు కావాలో అవి మాత్రమే ఇచ్చేది. ఒకరికి నాలుగు, ఒకరికి ఆరు. మొత్తం వరస ఉన్నది ఆమె కంప్యూటర్లోనూ, ఆమె సొంత కార్డులోనూ. ఇచ్చేముందు ప్రతివాడి చేతా మాట తీసుకునేది. తిరుపతిలో ఒక కల్యాణమండపంలో ఒకడు ఆ మాట తప్పి, సరిగ్గా మాంగల్యధారణ వేళ నాదస్వరం మెట్టు మీద వేలు పెట్టాడు. పెళ్లికొచ్చి భోజనాల వైపు వెళ్తున్న అక్క వెనక్కి తిరిగి, వేదిక ఎక్కి, కీబోర్డు వెనక సందులోంచి కార్డు లాగి చేతిసంచిలో వేసుకుని, దిగి వెళ్లి భోజనానికి కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ మాట తప్పలేదు.

ఇంక చెప్పవలసింది నా తప్పు.

ఆయన ఊది ఇచ్చిన మూడేళ్లకు, పెరటాసి నెల వెళ్లాక, అక్టోబరు చివర ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. మర్నాడు తిరుమలలో నా కచేరీ. అక్క కార్డులోని పూర్తి నాదస్వరం ఒక్కరోజుకు అరువు కావాలన్నాను. దానికి తోడు దాంట్లో మిగిలిన కాస్త జాగాలో మృదంగం కూడా చేర్చి పెట్టమన్నాను. దక్షిణాన మబ్బు కమ్మి ఉంది. ఆమె కిటికీలోంచి చూసి, ఉరుములున్నాయి, ఈ పొద్దు తుడవడం వద్దు, ఉన్నదున్నట్టు తీసుకుపో అంది. నేను వినలేదు. మృదంగం లేకుంటే పరువు పోతుందన్నాను. రెండుసార్లు, మూడుసార్లు అడిగాను. ఆమె ఇంక వాదించకుండా కార్డు కంప్యూటరుకు తగిలించింది. పాతదంతా చెరిగింది. కొత్తది రాయడానికి నలభై నిమిషాలు పడుతుంది. పదో నిమిషంలో ఎదురింటి మేడ మీద పిడుగు పడింది.

కళ్లు తెరిచేసరికి గదిలో కాలిన వాసన. కంప్యూటరు మళ్లీ వెలగలేదు. లోపలి డిస్కు మాడిపోయిందని తర్వాత తేలింది. కార్డులో ఏమీ లేదు. ఫ్లాపీల్లో విడిగా దాచినవి ఉన్నాయి కదా అని బీరువా తెరిచాను. ఆ ఇంటి చెమ్మకు సగానికి సగం బూజు పట్టి ఉన్నాయి. నాదస్వరానివి ఒక్కటీ పలకలేదు. పుత్తూరులో ఆ మనిషికి అప్పటికి నోట్లో ఒక్క పన్ను లేదు.

ఆమె కార్డును కాసేపు అరచేతిలో పట్టుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తిట్టినా బాగుండునని ఉంది.

"వాన నిలిచినాది. ఇంటికి పోప్పా. రేపు నీకు కచేరీ ఉండాది" అన్నది. అంతే.

కచేరీ ఎలాగో ముగించుకుని, ఆ మర్నాడే మళ్లీ వెళ్లాను. ఆమె మంచం మీద కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని, కాగితం తీసి రాసుకోమంది.

"కింది స పాకాలాయన కాడ ఉండాది. రి రెండు రకాలు. ఒకటి పలమనేరు, ఒకటి పీలేరు. శుద్ధమధ్యమం ముగ్గురి కాడ ఉండాది గానీ కాళహస్తాయనదే మొదలు తెగకుండా ఇచ్చినా. అదే తీసుకోవాల."

మూడేళ్లలో ఎవరెవరు ఏ పాటకని వచ్చి ఏ స్వరం అడిగారో, ఎవరికి ఎంత పొడుగున కత్తిరించి ఇచ్చిందో, చూసి చెప్పినట్టు చెప్పుకుపోయింది. ఎక్కడా తడబడలేదు, దిద్దుకోలేదు. ఒకప్పుడు ఊళ్లోని నంబర్లన్నీ ఆమెకు నోటికి వచ్చేవని విన్నాను. కళ్లారా చూసింది ఆ రోజే. రాస్తూ రాస్తూ నా చెయ్యి ఆగిపోయింది. నేను పోగొట్టినది జిల్లా అంతటా ముక్కలు ముక్కలుగా బతికే ఉంది. ఏ ముక్క ఎక్కడుందో ఆమె తలలో ఉంది.

ఆమె తొమ్మిది రోజులు సెలవు పెట్టింది. అరచేతిలో ఇమిడే రికార్డరొకటి అరువు తెచ్చుకుని ఇద్దరం బస్సుల్లో తిరిగాం. ప్రతి ఊళ్లోనూ కీబోర్డుకు తీగ తగిలించి, ఆ ఒక్క మెట్టు నొక్కి, అది ఆగిపోయేదాకా విని, మళ్లీ నొక్కి తీసుకునేది. ఎంతమంది కాఫీ తెచ్చినా, పని అయ్యేదాకా ముట్టేది కాదు. పలమనేరాయన తన కీబోర్డు కార్డుతో సహా పుంగనూరు దగ్గర ఒక ప్రార్థనమందిరానికి ఇచ్చేశాడట. అక్కడికి వెళ్తే లోపల ఆరాధన జరుగుతోంది. రెండుగంటలు చెప్పుల దగ్గర కూర్చుంది. అయ్యాక పాస్టరుగారితో, మీ పెట్టెలో మాది ఒక రిషభం ఉండాది, వినిపోతాం అని చెప్పింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు గానీ కాదనలేదు. అది అక్కడే ఉంది, ఎవరూ వాడకుండా, చెక్కు చెదరకుండా.

ఈ తిరుగుడులో ఒకసారి, పీలేరు బస్టాండులో, నా వల్లనే కదక్కా ఇదంతా అన్నాను. ఆమె విననట్టే ఉండి, బస్సు బోర్డు మీద ఏముందో చదవమంది.

తొమ్మిదో రోజుకు అన్నీ దొరికాయి, రెండు తప్ప. కిందిస్థాయిలో రెండో రకం మ అయిన ప్రతిమధ్యమం, పైస్థాయి అంతరగాంధారం. ఆ రెండూ మూడేళ్లలో ఏ పాటకూ ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఎవరి కార్డులోనూ లేవు.

పక్క స్వరాన్ని కొంచెం సాగదీస్తే అయిదు నిమిషాల పని అని నేనన్నాను. విన్నవాళ్లెవరికీ తేడా తెలియదన్నాను. అదీ నిజమే.

"సాగదీస్తే ఆయన వయసు మారిపోతాదప్పా. ఒకరవ్వ పడుచోడయిపోతాడు. నాకు వినపడతాది" అన్నది.

ఎవరో వాడేసి పక్కన పెట్టిన కంప్యూటరొకటి సంపాదించి మళ్లీ వరస కట్టింది. రెండు మెట్లు ఖాళీగా వదిలేసింది. తర్వాత పుత్తూరుకు కబురు పంపింది. జరిగింది దాచకుండా ఆయనకు చెప్పాలంది. చెప్పవలసింది నేనే కాబట్టి, ఆయన వచ్చి కూర్చోగానే పిడుగు సంగతి, నా మొండితనం సంగతి మొత్తం చెప్పాను. ఆయన కట్టుడు పళ్లతో కొత్తగా, కొంచెం వేరే మనిషిలా ఉన్నాడు. నా మాటలు విని కీబోర్డు ముందుకు జరిగి, ఒక్క వేలితో మెట్లు నొక్కడం మొదలుపెట్టాడు. కింది షడ్జం మోగగానే వేలు తియ్యడం మరిచిపోయాడు. శుద్ధమధ్యమం మీదుగా ఒక్కొక్కటే పైకి వెళ్లాడు. పైషడ్జం దగ్గర ఆగి, తల ఆమెవైపు తిప్పి, ఈడ గాలి పోతాండాది, నా పన్ను అన్నాడు. ఆనాడు బస్సులో నేను నవ్వింది ఈ మాటకే.

కిందికి వస్తూ ప్రతిమధ్యమం మెట్టు నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు.

"ఆ రెండూ మీ కాడనే ఉండాయి పెద్దాయనా. నాకు దొరకలేదు" అన్నది అక్క.

ఆయన కట్టుడు పళ్లు తీసి తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, ఆ రెండు స్వరాలూ ఉన్న కల్యాణి రాగం అందుకున్నాడు, గొంతుతో. పళ్లు లేని నోట్లోంచి అక్షరాలు సరిగా రావడం లేదు. కానీ ఆ ప్రతిమధ్యమం వచ్చి నిలబడేసరికి గది నిండిపోయింది. నా చెయ్యి దానంతటదే మైకు వైపు వెళ్లింది. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. వద్దని తలూపింది. ఆయన పాడినంతసేపూ నా చెయ్యి వదలలేదు. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది.

ఆయన ముగించాక అక్క లేచి ఆయనకు మజ్జిగ తెచ్చింది.

సాయంత్రం నేనే ఆయన్ని బస్టాండుకు తీసుకెళ్లాను. పుత్తూరు బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, వెనకవాళ్లు తోస్తున్నా లెక్కచేయకుండా, నావైపు తిరిగాడు.

"నా మాదిరి ఊదేవాళ్లను చూసినా నాయనా. నన్ను మించి ఊదేవాళ్లనూ చూసినా. ఆ యమ్మ మాదిరి వినేవాళ్లను మాత్రం నేను ఇంకొకర్ని చూడలా."

కండక్టరు విజిల్ వేశాడు. ఆయన లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.